మందు పట్టి మూడు వారాలే, మళ్లీ గొర్రెలకు దవడ కింద నీరు – పేడ పరీక్ష ఎలా చేయించాలి?

పాలమూరు గొర్లోడు | సెప్టెంబరు 3, రాత్రి 9:12

అన్నలకు నమస్తే. మాది దేవరకద్ర దిక్కు. మొత్తం 62 జీవాలు. తల్లులు 40, పొట్టేళ్లు 2, మిగతావి పిల్లలు. ఆగస్టు 12న అన్నింటికీ నట్టల మందు పట్టించా. తెల్ల మందు, ఫెన్‌బెండజోల్. నాలుగేళ్ల నుంచి అదే వాడుతున్నాం.

ఇవాళ పొద్దున దొడ్డి తలుపు తీస్తే ఒక తల్లి గొర్రె చివర్లో నిలబడిపోయింది. పట్టుకుని చూస్తే దవడ కింద నీటి సంచి, చేత్తో నొక్కితే గుంట పడుతోంది. ఇంకో రెండు కూడా నీరసంగా ఉన్నాయి. పారుడు లేదు, పెంటికలు గట్టిగానే ఉన్నాయి. మేత కూడా తింటున్నాయి.

మందు పట్టి 22 రోజులే అయింది కదా, మళ్లీ నట్టలేనా? ఇంకోసారి అదే మందు పట్టమంటారా? మా ఊరి మందుల షాపులో "డోసు డబుల్ చెయ్" అంటున్నారు.

మాచర్ల మేకలు | సెప్టెంబరు 3, రాత్రి 9:40

తమ్మీ, మేం మూడు నెలలకోసారి మందు మార్చి మార్చి పట్టేస్తాం. ఈ పరీక్షలూ గిరీక్షలూ ఏమీ లేవు. ఇప్పుడు నువ్వు కూడా వేరే మందు పట్టెయ్, పనైపోతుంది.

రిటైర్డ్ పశువైద్యుడు | సెప్టెంబరు 4, ఉదయం 6:05

పాలమూరు బాబూ, ముందు ఆ మూడింటి సంగతి. కింది కంటి రెప్ప తిప్పి లోపలి రంగు చూడు. నీడలో కాదు, ఎండలో. ఫోన్ లైటు వేసి అసలు చూడొద్దు. పై రెప్పను బొటనవేలితో మెల్లగా నొక్కితే కనుగుడ్డు కాస్త లోపలికి పోతుంది, అప్పుడు కింది రెప్పను లాగితే లోపలి పొర బయటికి వస్తుంది. ఒక్క క్షణంలో చూసేయాలి, ఎక్కువసేపు పట్టుకుంటే రంగు మారుతుంది. రెండు కళ్లూ చూడు. కంటి రంగుల కార్డు అని ఒకటుంది, దాని లెక్కలో రక్తంలా ఎర్రగా ఉంటే 1, పాలిపోయిన గులాబీ 3, సున్నంలా తెల్లగా ఉంటే 5. తెల్లగా ఉన్నవి ఏవైనా ఉంటే ఇవాళే డాక్టరును పిలువు, రేపటిదాకా ఆగొద్దు. 1962కి ఫోన్ చేసినా సంచార వాహనం వస్తుంది.

పారుడు లేకుండా దవడ కింద నీరు, పాలిపోయిన కన్ను... వానాకాలంలో ఈ రెండూ కలిస్తే నాకు మొదట గుర్తొచ్చేది హెమాంకస్. నాలుగో పొట్టలో ఉండే సన్నటి నట్ట. ఆడదాన్ని చూస్తే ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనినట్టు ఉంటుంది. ఎర్రది అది తాగిన రక్తం. ఒక్కోటి రోజుకు 0.05 ఎంఎల్ రక్తం పోగొడుతుంది. అదెంతలే అనుకోకు. కడుపులో వెయ్యి ఉంటే రోజుకు 50 ఎంఎల్ పోయినట్టే. 30 కేజీల గొర్రెలో ఉండే రక్తమే దాదాపు రెండు లీటర్లు.

ఇక నీ ప్రశ్న. ఈ 22 రోజుల లెక్కే చిక్కు. గడ్డితో పాటు లోపలికి పోయిన పిల్ల పురుగు పెరిగి గుడ్లు పెట్టడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అంటే నువ్వు మందు పట్టిన మర్నాడు మేసిన గడ్డిలోంచి వచ్చినవి కూడా ఇప్పటికి పెద్దవయ్యాయి. కాబట్టి మందు పనిచేయలేదా, పనిచేసినా కొత్తవి వచ్చాయా అన్నది ఇవాళ పేడ చూసి ఎవరూ చెప్పలేరు. అది తెలియాలంటే మందుకు ముందు ఒక లెక్క, మందు తర్వాత ఒక లెక్క కావాలి.

డబుల్ డోసు మాట మర్చిపో. ఎవరు చెప్పినా సరే.

పాలమూరు గొర్లోడు | సెప్టెంబరు 4, మధ్యాహ్నం 1:30

సార్, చూశా. మూడింటిలో రెండు తెల్లగా ఉన్నాయి, ఒకటి కొంచెం గులాబీ. మా మండల డాక్టరు గారు వచ్చారు. ఆ మూడింటికీ వేరే రకం మందు, క్లోజంటెల్, తూకం వేసి పట్టారు. రక్తం పట్టడానికి ఇంజక్షన్ కూడా ఇచ్చారు. మిగతా మందకు ఇప్పుడే ఏమీ పట్టొద్దు, పెంటికలు తీసుకురా అన్నారు. ఆస్పత్రిలో మైక్రోస్కోపు ఉందట గానీ లెక్కపెట్టే గాజు పలక లేదట. ఎక్కడ దొరుకుతుంది?

ఇంకో మాట. ఆగస్టులో నేను ఎంత పట్టానో అడిగారు. అన్నింటికీ 4 ఎంఎల్ పట్టా. సీసా మీద 5 కేజీలకు 1 ఎంఎల్ అని ఉంది. "నీ గొర్రె 20 కేజీలా?" అని వేలాడే తక్కెడ తెప్పించి ఒక తల్లిని తూచారు. 34 కేజీలు వచ్చింది. నాకు నోట మాట రాలేదు.

డెక్కనీ నల్లగొర్రె | సెప్టెంబరు 4, మధ్యాహ్నం 2:15

😄 అందరం అదే బాపతు అన్నా. చూపుతో తూచితే ప్రతి గొర్రే 20 కేజీలే. అమ్మేటప్పుడు మాత్రం అదే గొర్రె 40 కేజీలు.

ల్యాబ్ అక్క | సెప్టెంబరు 4, రాత్రి 8:20

నేను పశువుల ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఆ గాజు పలకను మెక్‌మాస్టర్ స్లైడ్ అంటారు. ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో కూడా. పది మంది కాపరులు కలిసి ఒకటి కొని ఆస్పత్రిలో పెడితే ఏళ్లు వస్తుంది.

నమూనా తీయడంలోనే సగం పని చెడుతుంది, అందుకే వివరంగా రాస్తున్నా. నేల మీద పెంటికలు ఏరొద్దు. అవి ఏ గొర్రెవో తెలియదు, ఎప్పటివో తెలియదు. వేలికి తొడుగు వేసుకుని, కొంచెం నూనె రాసి, లోపలి నుంచే తీయాలి. ఒక్కో జీవం నుంచి ఏడెనిమిది పెంటికలు చాలు. చిన్న జిప్ కవర్లో వేసి గాలి లేకుండా నొక్కి మూయాలి, గొర్రె చెవి నంబరు కవరు మీద రాయాలి. మన ఎండకు ఈ గుడ్లు ఒక్క రోజులోనే పొదిగిపోతాయి. పొదిగాక లెక్కపెట్టడానికి ఏముంటుంది? కాబట్టి ఐసు ముక్కలున్న డబ్బాలో పెట్టి అదే రోజు ఇవ్వండి. డీప్ ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. ఒకాయన ఐస్‌క్రీం డబ్బాలో గడ్డకట్టించి తెచ్చారు. ఇంట్లో ఎవరూ తెరవలేదు కదా అని నాకు అదే టెన్షన్.

లెక్కపెట్టే పద్ధతి: 4 గ్రాముల పేడను 56 ఎంఎల్ ఉప్పు నీళ్లలో మెత్తగా కలపాలి. ఉప్పు నీళ్లంటే ఇంక కరగదు అన్నంత ఉప్పు వేసినవి, అడుగున కొంచెం ఉప్పు మిగలాలి. టీ వడగట్టే జాలీలో వడకట్టి, వెంటనే స్లైడు రెండు గదులూ నింపాలి. ఐదు నిమిషాలు ఆగితే గుడ్లు తేలి పైన గీతల దగ్గరికి వస్తాయి. రెండు గదుల గీతల్లోపల ఉన్నవన్నీ లెక్కపెట్టి 50తో గుణిస్తే గ్రాము పేడలో ఎన్ని గుడ్లో వస్తుంది. ఒక్క గదే చూస్తే 100తో గుణించాలి. ఒక్క గుడ్డూ కనపడకపోతే గొర్రె లోపల నట్టలు లేవని కాదు, గ్రాముకు 50 కంటే తక్కువ ఉండొచ్చని.

సిడ్నీ దగ్గర తెనాలోడు | సెప్టెంబరు 5, తెల్లవారుజామున 4:50

ఆ మెక్‌మాస్టర్ పేరు మా పక్క నుంచి వచ్చిందే. సిడ్నీలోని మెక్‌మాస్టర్ ల్యాబ్‌లో గోర్డన్, విట్‌లాక్ అనే ఇద్దరు 1939లో ఈ పద్ధతిని ప్రచురించారు. ఇన్నేళ్లయినా నేను పనిచేసే గొర్రెల ఫారంలో ఇప్పటికీ అదే లెక్క. పేడ డబ్బాల్లో వేసి ల్యాబ్‌కు పోస్టులో పంపుతాం, రిపోర్టు ఈమెయిల్‌లో వస్తుంది. అది చూడకుండా మా ఓనరు మందు డబ్బా మూత తీయడు. మంచితనం కాదు, దెబ్బ తిన్నాడు. ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి మందులు పనిచేయడం మానేశాయి.

మాచర్ల మేకలు | సెప్టెంబరు 5, ఉదయం 7:30

అక్కా, ఇంత చేసేకంటే మందు పట్టడమే చవక కదా? సీసా 200 రూపాయలు. నాకు 110 మేకలు, 110 కవర్లు ఎవరు మోస్తారు?

రిటైర్డ్ పశువైద్యుడు | సెప్టెంబరు 5, ఉదయం 8:10

110 అక్కర్లేదయ్యా. పది పన్నెండు చాలు, మంద సంగతి తెలిసిపోతుంది. అన్నింటినీ చూడాల్సింది కన్ను మాత్రమే, దానికి ఖర్చు లేదు. పట్టుకునే మనిషి ఉంటే మేకకు అర నిమిషం.

ఆ కంటి రంగుల కార్డు దక్షిణాఫ్రికాలో పుట్టింది. ఫఫా మలాన్ అనే పశువైద్యుడి పేరులోంచి, చార్టు అనే మాటలోంచి మొదటి అక్షరాలు తీసి ఫమాచా అన్నారు. ఐదు రంగులు ఊరికే వేసినవి కావు. రక్తంలో ఎర్ర కణాల శాతం 28, ఆపైన ఉంటే ఒకటో రంగు, 12కు దిగితే ఐదోది. వాట్సాప్‌లో తిరిగే ఫొటోను ప్రింటు తీసి వాడొద్దు, ప్రింటరు మారితే గులాబీ కాస్తా ఎరుపవుతుంది. అసలు కార్డు డాక్టరు దగ్గర చూసి చేయి అలవాటు చేసుకోండి. ఇంకోటి, ఇది రక్తం తాగే నట్టలకే పనికొస్తుంది. దుమ్ము పడి, కండ్లకలక వచ్చి కన్ను ఎర్రబడితే కార్డు అబద్ధం చెబుతుంది.

మార్చి మార్చి పట్టడం గురించి. ఏది పనిచేస్తోందో తెలియకుండా మారిస్తే నాలుగు మందులకూ అలవాటు పడిన నట్టలు తయారవుతాయి. మందుకు చావనివే మిగిలి, అవే గుడ్లు పెడతాయి. ఒక్క ఆడ హెమాంకస్ రోజుకు ఐదు వేల నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. తక్కువ డోసు పట్టడమంటే ఆ నట్టలకు మనమే ట్రైనింగ్ ఇవ్వడం.

ముర్రా పాల రైతు | సెప్టెంబరు 6, సాయంత్రం 5:45

గేదె దూడ గురించి ఇక్కడే అడగొచ్చా? 24 రోజుల దూడ, బంకమట్టిలా తెల్లటి పేడ, భరించలేని వాసన. తల్లి పేడ పరీక్ష చేయిస్తే ఏమీ లేదన్నారు.

ల్యాబ్ అక్క | సెప్టెంబరు 6, సాయంత్రం 6:30

తల్లి పేడలో దొరకదు అన్నా. అవి టాక్సోకారా అనే ఏలిక పాములు. పెద్ద గేదెలో పిల్ల పురుగులు కండల్లో నిద్రపోతూ ఉంటాయి, ఈనాక పాలతో దూడలోకి వస్తాయి. మూడు వారాలు దాటిన దూడ పేడలో గుడ్లు కనిపిస్తాయి. గుండ్రంగా, మందపాటి పెంకుతో, పైన గుంటలు గుంటలుగా ఉంటాయి, ఒకసారి చూస్తే మర్చిపోరు. దూడ పేడే ఇవ్వండి. దూడ బాగా నీరసంగా ఉంటే మీరే మందు పట్టొద్దు, చచ్చిన పాములు ఉండగా చుట్టుకుని పేగుకు అడ్డం పడొచ్చు. వచ్చే ఈతలో పది పద్నాలుగు రోజులకే మందు పట్టించండి. మిగతాది వేరే థ్రెడ్‌లో మాట్లాడుకుందాం, ఇది గొర్రెలది.

కాలవ గట్టు | సెప్టెంబరు 7, ఉదయం 10:20

మాది కృష్ణా డెల్టా. పోయినేడు మా గొర్రెలకూ ఇదే దవడ వాపు. ఉప్పు నీళ్ల పరీక్షలో సున్నా వచ్చింది. సంతోషపడ్డాం. నెలలో ఆరు చచ్చాయి. కోస్తే కార్జంలో జలగలు, ఆకుల్లా బయటికి వచ్చాయి.

ల్యాబ్ అక్క | సెప్టెంబరు 7, ఉదయం 11:05

అన్నా, మీ అనుభవం ఇక్కడ రాసినందుకు థాంక్స్. జలగ గుడ్లు బరువు, ఉప్పు నీళ్లలో తేలవు. వాటికి మామూలు నీళ్లతో అడుగుకు దింపే పరీక్ష వేరే చేయాలి. కలపడం, వడకట్టడం, ఐదు నిమిషాలు ఆగడం, పై నీళ్లు పారబోయడం, తేటబడే దాకా ఇలా చేసి అడుగు మడ్డిలో ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేస్తే చెత్తంతా నీలంగా మారుతుంది, కార్జపు జలగ గుడ్డు మాత్రం బంగారు రంగులో మెరుస్తూ ఉంటుంది. పొట్ట జలగ గుడ్డు అయితే రంగు లేకుండా గాజులా ఉంటుంది. కాలవలు, చెరువులు, నత్తలు ఉన్న చోట్ల రెండు పరీక్షలూ రాయమని డాక్టరును అడగండి.

అయినా ఒక లోపం ఉంది. పిల్ల జలగలు కార్జాన్ని తొలిచే రోజుల్లో గుడ్లే ఉండవు. గుడ్లు రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అప్పుడు చచ్చిన జీవాన్ని కోసి చూడటమే నమ్మకమైన పరీక్ష. గొర్రె చస్తే గోతిలో వేసే ముందు డాక్టరుతో కోయించండి. నాలుగో పొట్ట, కార్జం, రెండూ చూడమనండి.

పాలమూరు గొర్లోడు | సెప్టెంబరు 8, రాత్రి 10:15

ఇవాళ 12 తల్లుల నమూనాలు తీశాం. మా తమ్ముడు పట్టుకున్నాడు, నేను తీశా. ఒకటి తన్నింది, ఒకటి నా మీదే పని కానిచ్చింది. స్లైడు పక్క మండలం ఆస్పత్రి నుంచి అడిగి తెచ్చారు. డాక్టరు గారు ఒకటి చూపించి, తర్వాతిది నన్నే లెక్కపెట్టమన్నారు. నేను 400 దాకా లెక్కపెట్టి గాబరా పడ్డా. ఆయన కన్ను పెట్టి చూసి నవ్వారు. నేను లెక్కపెట్టినవన్నీ గాలి బుడగలు! బుడగకు నల్లటి మందపాటి అంచు, గుండ్రం. గుడ్డేమో కోడిగుడ్డు ఆకారం, పల్చటి పెంకు, లోపల ద్రాక్ష గుత్తిలా ఉండలు ఉండలుగా. తెలిశాక తేలికే.

లెక్కలు ఇవి, గ్రాముకు: 200, 0, 3450, 650, 100, 1900, 50, 4800, 350, 1200, 0, 900.

జలగ పరీక్ష కూడా చేశారు, ఏమీ లేదు. మాది మెట్ట.

రిటైర్డ్ పశువైద్యుడు | సెప్టెంబరు 9, ఉదయం 5:50

బాగా చేశావు. నీ లెక్కల్లో ఒక తమాషా చూడు. 12 కలిపితే 13,600. అందులో 4800, 3450, 1900, ఈ మూడు గొర్రెలవే 10,150. అంటే నాలుగింట మూడు వంతుల గుడ్లు మూడు గొర్రెలే నీ బీడులో చల్లుతున్నాయి. రెండు సున్నాలూ అదే గడ్డి మేశాయి. ప్రతి మందలో ఇంతే. ఈ మూడింటిని పట్టుకోవడానికే పరీక్ష.

గుడ్డు ఆకారం చూసి ఇది హెమాంకసే అని చెప్పలేం, ఈ జాతి నట్టల గుడ్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. కచ్చితంగా కావాలంటే పేడలో పిల్లలను పొదిగించి చూడాలి. కానీ నీ కేసులో కళ్లు, దవడ, కాలం అన్నీ ఒకే మాట చెబుతున్నాయి.

ఇప్పుడు అదే తెల్ల మందును ఆ 12కు తూకం ప్రకారం, నాలుక వెనక భాగంలో పోయించు. తల మరీ ఎత్తితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, జాగ్రత్త. 14 రోజులకు అవే 12 మళ్లీ లెక్కపెట్టు. 95 శాతం కంటే తక్కువ తగ్గితే మందు పోయినట్టే. నాలుగు రోజులకోసారి కళ్లు చూస్తూ ఉండు. ఏదైనా 4కు దిగితే పరీక్ష సంగతి పక్కనపెట్టి దాన్ని కాపాడు.

డెక్కనీ నల్లగొర్రె | సెప్టెంబరు 9, ఉదయం 9:00

సార్, పెంటికల మీద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే మా వాళ్లు వెంటనే మందు అంటారు. ఇదీ అదేనా?

రిటైర్డ్ పశువైద్యుడు | సెప్టెంబరు 9, ఉదయం 9:25

అవి బద్దె పురుగు ముక్కలు. కంటికి కనిపిస్తాయి కాబట్టి అందరూ వాటికే భయపడతారు. పెద్ద గొర్రెకు వాటితో పెద్ద నష్టం లేదు. చంపేవి కనిపించవు.

వేప చెట్టు | సెప్టెంబరు 10, సాయంత్రం 4:40

వేపాకు, వాయువిడంగాలు నూరి పోయండి. మా తాతల కాలం నుంచి అదే. రసాయనాలు దండగ.

ల్యాబ్ అక్క | సెప్టెంబరు 10, సాయంత్రం 5:10

వాడండి అన్నా, వద్దనను. కానీ మీరూ పోసే ముందు 10, పోశాక అవే 10 పేడలు లెక్కపెట్టి ఇక్కడ పెట్టండి. సీసా మందుకు ఏ పరీక్షో ఆకు మందుకూ అదే. కన్ను తెల్లబడిన గొర్రె మీద మాత్రం ప్రయోగం చేయొద్దు.

పాలమూరు గొర్లోడు | సెప్టెంబరు 22, రాత్రి 9:30

14 రోజులు అయ్యాయి. అవే 12, మొత్తం 3,800. నేనూ డాక్టరు గారూ రెండుసార్లు కూడాం. 72 శాతమే తగ్గింది.

తూకం తప్పినందుకే అనుకున్నా గానీ, సరిగ్గా తూచి పట్టినా ఇంతే. మందే పోయింది. నాలుగేళ్లుగా 4 ఎంఎల్ పట్టి నేనే పోగొట్టుకున్నానని నాయనకు చెబితే, "ఆ సీసా ఇంకో రెండున్నాయి, ఏం చేద్దాం" అన్నాడు.

ఇవాళే ఆ 12కూ, మందలో కళ్లు 3 కంటే పాలిపోయినవాటికీ లెవామిసోల్ పట్టారు. ఒక్కొక్కటి తూచి. ఎక్కువైతే వణుకు, చొంగ వస్తాయట, అందుకే దీనికి అందాజా కుదరదన్నారు. ఎర్రగా ఉన్న 26 తల్లులకు ఏమీ పట్టలేదు. నాకు మనసొప్పలేదు గానీ, వాటిలోని మందు తగలని నట్టలు బీడులో ఉంటేనే మొండివి మంద నిండా పాకవు అన్నారు.

మాచర్ల మేకలు | సెప్టెంబరు 22, రాత్రి 10:05

తమ్మీ, ఆ వేలాడే తక్కెడ ఎంత?

పాలమూరు గొర్లోడు | అక్టోబరు 2, రాత్రి 8:45

ఈ మందుకు పది రోజులకే చూడాలన్నారు. చూశాం. 12 గొర్రెల్లో కలిపి మూడే మూడు గుడ్లు. అంటే 150. 3,800 నుంచి 150కి, 96 శాతం.

రిటైర్డ్ పశువైద్యుడు | అక్టోబరు 3, ఉదయం 6:00

సంతోషం. కానీ 95 గీత మీదే ఉన్నావు. ఇంకో ఒక్క గుడ్డు కనబడి ఉంటే గీత కిందికి పోయేవాడివి. వచ్చే వానాకాలం ఈ మందు వాడే ముందు మళ్లీ లెక్కపెట్టు. ఈనే రోజుల్లో తల్లుల గుడ్లు బాగా పెరుగుతాయి, అప్పుడు ఒకసారి చూడు. వానల్లో రెండు మూడు వారాలకోసారి కళ్లు, ఎండాకాలం నెలకోసారి చాలు. కొత్తగా కొన్న జీవాలను రెండు వారాలు విడిగా ఉంచి, పేడ చూశాకే మందలో కలుపు. సంత నుంచి గొర్రెతో పాటు దాని మొండి నట్టలనూ కొనుక్కొస్తాం.

ఆ 4800 గొర్రె ఎలా ఉంది?

పాలమూరు గొర్లోడు | అక్టోబరు 3, ఉదయం 7:20

దాని చెవి నంబరు 8 సార్. నాలుగు వారాల్లో కన్ను మళ్లీ మళ్లీ 3కే దిగుతోంది. అమ్మేద్దామంటే నాయన వద్దంటున్నాడు, రెండు ఈతలూ కవలలే.

రిటైర్డ్ పశువైద్యుడు | అక్టోబరు 3, ఉదయం 7:35

దాని పిల్లల కళ్లు కూడా చూశావా? నట్టలను తట్టుకునే గుణం కొంత తల్లి నుంచే వస్తుంది.

పాలమూరు గొర్లోడు | అక్టోబరు 3, సాయంత్రం 6:10

ఇప్పుడే ఎండ పోకముందు చూశా సార్. ఆడపిల్ల 2. పొట్టేలు పిల్ల 4. పొద్దున డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తున్నా.